తూగని విల్లు

జనవరి 9

మనుషుల్ని తొట్టిలో నది దాటించే తాడు ఈ ఉదయం 6:20కి తెగింది. మినుముల లంక మీద ముప్పై ఏడుగురు చిక్కుకుపోయారు. మార్చి 20 మధ్యాహ్నం రెండింటికి ఆ లంక మునుగుతుంది.

మునిగే వేళ ముందే తెలియడానికి కారణం, అది ఏటా మారదు. ఎగువ ఆనకట్టను నడిపే యంత్రం ఏడాదికి ఒకసారి తలుపులన్నీ ఎత్తి, అడుగున చేరిన బురద కడుక్కుంటుంది. ఆ యంత్రానికి ఆగమని చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. నీళ్ళు లంక మీద పదిహేను అడుగులు నిలుస్తాయి. అందుకే అక్కడ చెట్లు లేవు. మినుములు, జొన్న, కోతకి వెళ్ళినవాళ్ళు వేసుకున్న పాకలు, పాత రైలు వంతెన స్తంభం ఒకటి ఉన్నాయి. తెగిన తాడు ఆ స్తంభం నుంచి మా ఒడ్డున ఉన్న స్తంభానికి ఉండేది. దూరం నూట తొంభై మీటర్లు.

తాడు నారది. లోపల ఎలకలు కొరికాయి. పైన తారు పూసి ఉండటంతో కనబడలేదు.

ముప్పై ఏడుగురిలో నా చెల్లెలు హైమ ఉంది. ఈ మాట ఇక్కడ ఒకసారి రాస్తున్నాను. ఊరి కోసం నేను రాసే గోడ పత్రికలో రాయను.

జనవరి 12

ఈ మూడు రోజుల్లో జరిగినవి.

పడవ వేశారు. లంకకి రెండు వైపులా పాయల్లో ఆనకట్ట నీళ్ళు ఏడాది పొడుగునా ఒకే జోరుతో వస్తాయి. పడవ రాళ్ళకి కొట్టుకుని రెండు ముక్కలైంది. అందులో వెళ్ళిన అన్నదమ్ములు అప్పన్న, తలుపులు ఇద్దరూ దొరకలేదు.

ఎగువ నుంచి సొరబుర్రలకి దారం కట్టి వదిలారు. పదకొండుసార్లూ సుడి వాటిని మా ఒడ్డుకే తెచ్చి పడేసింది. ఒడిసెలతో రాయి విసిరారు. సగం దూరం వెళ్ళింది. కొండ మీద కోయగూడెంలో ఉండే కుంజం దూలయ్య తన వెదురు విల్లుతో దారం కట్టిన బాణం వేశాడు. ఈ చుట్టుపక్కల అతన్ని మించిన విలుకాడు లేడు. బాణం నూట ముప్పై మీటర్ల దగ్గర నీళ్ళలో పడింది. ఇంకా బలంగా లాగితే విల్లు విరిగింది.

గాలిపటం మాట ఎవరూ ఎత్తలేదు. డేగలు గాలిలో నిలబడ్డ దేన్నీ ఉండనివ్వవు. చేయి వదిలిన ఇనుమునీ, నిప్పునీ కూడా. యుద్ధం ముగిసినా కొండ కంబాల మీద కూర్చున్న ఆ యంత్రాలకి ముగిసిన సంగతి తెలియదు. మా ఊరు పొగగట్టులో పిల్లలు ఆటకి ముందు బొమ్మాబొరుసూ చింతగింజతో వేస్తారు. ఇనప బిళ్ళతో వేసిన ఆఖరి కుర్రాడి పేరు బడికి పెట్టారు.

కాబట్టి కావలసింది ఇది. ఇనుము లేనిది. నిప్పు అక్కర్లేనిది. స్తంభం కొన మీద నిలబడటానికి ఒక్క మనిషికే చోటుంది కనుక, ఒక్క మనిషి పట్టగలిగినది. దారాన్ని నూట తొంభై మీటర్లు మోసేది.

జనవరి 13

పంచాయతీ అరుగు మీద అందరూ మాట్లాడి అలిసిపోయాక మెహరున్నీసా గారు లేచారు. కోట మీద మ్యూజియం ఆవిడ చేతిలో ఉంది. కింది పట్నాలు మునిగే ముందు పెట్టెలు మోసుకుని పైకి వచ్చిన పురావస్తు శాఖ వాళ్ళలో ఆవిడ ఒక్కరే మిగిలారు. వెంట ఒక చెక్క పెట్టె తెచ్చారు. అందులో దూది మీద ఏడు ఎముక పట్టీలు ఉన్నాయి. నాలుగు వంకరగా, చివర గాటుతో. మూడు తిన్నగా, వెడల్పుగా.

"ఇది విల్లు," అన్నారు.

అరుగు మీద ఎవరో నవ్వారు. "విల్లు ఏదండీ?"

"విల్లు కుళ్ళిపోయింది. కొయ్య, కొమ్ము, నరం, జిగురు అన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఎముక మిగిలింది. రేవు తవ్వినప్పుడు ఒక ఇటుక గదిలో, రోము సారా జాడీల పక్కన దొరికాయి. ఓడ వెంట వచ్చిన కాపలావాడిది అయ్యుంటుంది."

"అయ్యుంటుందా, అవునా?" నేను అడిగాను.

"అయ్యుంటుంది అనే రాసుకోండి. ఇలాంటి పట్టీలు రోము సైన్యం ఉన్న చోటల్లా దొరికాయి. విల్లు మొత్తంగా దొరకడం బాగా తక్కువ."

వివరం ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నడుమ కొయ్య. విలుకాడి వైపు కొమ్ము, అది నొక్కుడు ఓర్చుకుంటుంది. అవతలి వైపు నరం, అది సాగుడు ఓర్చుకుంటుంది. రెండు చివర్లా బిగుసుకుని వంగని చెవులు, ఎముక పట్టీలు వాటికి. మిగిలిన మూడు పట్టీలు పిడికి. అలాంటి విల్లు వెదురు విల్లుకన్నా పొట్టిగా ఉండి, చాలా ఎక్కువ దూరం వేస్తుంది.

కాడి మేడి చేసే వీరభద్రాచారి పట్టీలని చేత్తో ముట్టకుండా, వంగి చూశాడు. "చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందండి?"

"జిగురు ఆరడానికే ఏడాది ఆగేవాళ్ళట."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. తోళ్ళ పని చేసే మార్తమ్మ చెంగు దోపుకుంది. "పొగాకు బారన్‌లో పెడితే?" అంది. "చేపలు ఎండబెట్టట్లేదా? సన్న సెగ మీద ఉంచితే ఏడాది పని రెణ్ణెల్లలో లాగుద్ది."

జనవరి 16

ఎండ బాగుంది. హైమతో అద్దం మాటలు నడిచాయి. అద్దంతో ఎండని మెరిపించి ఒక్కో అక్షరమే పంపాలి కాబట్టి పొడుగు మాటలకి చాలాసేపు పడుతుంది.

ఆమె: అందరం బాగున్నాం. తిండి ఉంది. మట్టి దిబ్బ పోస్తున్నాం.

నేను: విల్లు చేస్తున్నారు. రోము విల్లు.

ఆమె: చేసేది నువ్వు కాదుగా?

నేను: కాదు.

ఆమె: బతికాం.

జనవరి 30

కొయ్య మల్బరీది. పట్టుపురుగుల తోటలో ముసలి చెట్టు కొట్టి, ఆరిన కొమ్మ ఏరారు. కొమ్ము పెద్ద కాపుల గేదెది, పోయినేడు చచ్చింది. ఊళ్ళో అంత పొడుగు కొమ్ములు వేరే లేవు. ఆవిరి మీద మెత్తబరిచి, రాళ్ళ కింద పెట్టి తిన్నగా చేశారు. మార్తమ్మ ఎద్దుల కాళ్ళ నరాలు ఎండబెట్టి, రోట్లో దంచి, దువ్వెనతో జుట్టులా దువ్వింది. తోలు ముక్కలు, చేప పొట్ట తిత్తులు కలిపి జిగురు కాచింది. రెండు వేళ్ళ మధ్య అంటించి, విడదీస్తే వచ్చే చప్పుడు విని, "పలకట్లేదు," అని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. నాలుగోసారి పలికింది.

చెవులకి కొత్త ఎముక పట్టీలు కోయాలి. పెట్టెలో ఉన్న నాలుగింట్లో ఒక జత పొడుగు, ఒక జత పొట్టి. తేడా మూడు వేళ్ళు.

"పొట్టి జత విరిగి ఉంటుంది," అన్నారు మెహరున్నీసా గారు. "లేదా అరిగి."

"అంతే కదండి," అన్నాడు ఆచారి. "తేడాగా ఎవడు చేస్తాడు?"

నాకూ అందులో సందేహం కలగలేదు. మా ఊళ్ళో రెండు వైపులు ఉన్న ఏ వస్తువైనా తూగాలి. కాడి, కావడి, తెడ్డు, తొట్టి. చేసిన ప్రతిదాన్నీ నడుమ దారం కట్టి వేలాడదీస్తారు. ఒక వైపు వాలితే అది గుమ్మం దాటదు. నది మీద బతికేవాళ్ళం. తూగని తొట్టిలో మనిషిని ఎక్కించలేం.

ఆచారి నాలుగు పట్టీలూ పొడుగు జత కొలతకే కోశాడు.

ఫిబ్రవరి 4

నరం మొదటి పొర వేశారు. పిడి చోటు పాత పట్టీల మీద ఉన్న అరుగుదలని బట్టి పెట్టారు. అది సరిగ్గా నడుమ కాదు, కాస్త కిందికి. అంటే పిడి పైభాగం, వాళ్ళు పై చేయి అనేది, పొడుగు. కింది చేయి పొట్టి. ఆ ఒక్క తేడాకే ఆచారికి అన్నం సయించలేదు. చివరికి పై చేతి కొయ్య సన్నంగా చెక్కి, కింది చేతికి మందం ఉంచి తూకం సరిచేశాడు. దారం కట్టి వేలాడదీస్తే విల్లు నీటి మట్టంలా నిలబడింది.

"తూగింది," అన్నాడు. గోడ పత్రికలో నేను అదే శీర్షిక పెట్టాను. ఆ రోజు జనం ఆ గోడ దగ్గర చాలాసేపు ఉన్నారు.

విల్లు బారన్‌లోకి వెళ్ళింది.

ఫిబ్రవరి 10

లంక మీద బొడ్డు సూరయ్య జ్వరంతో పోయాడు. డెబ్బై ఏళ్ళు. అక్కడ ఇప్పుడు ముప్పై ఆరుగురు.

దిబ్బ ఆరడుగులు అయింది. నీళ్ళు పదిహేను అడుగులు వస్తాయి. ఆపేయమని చెప్పాలా అని హైమని అడిగాను.

ఆమె: వద్దు. పని లేకపోతే రోజంతా ఆనకట్ట వైపే చూస్తారు.

ఫిబ్రవరి 21

విల్లు విరిగింది.

ఉదయం పదింటికి బారన్ ముందు ఖాళీ స్థలంలో దూలయ్య లాగి చూశాడు. కొద్దికొద్దిగా, మూడుసార్లు. మూడోసారి ముప్పావు దాకా వచ్చింది. కింది చేయి పక్కకి మెలి తిరగడం నేను చూశాను. తర్వాత ఎండు కొబ్బరి మట్ట విరిచినట్టు చప్పుడు అయింది. కొమ్ము రెండుగా చీలింది. నరం కొయ్య నుంచి ఊడొచ్చింది. చీలిక దూలయ్య ముంజేతిలో దిగింది. మార్తమ్మ లాగి, జిగురు కాచే చేత్తోనే కట్టు కట్టింది.

ఆచారి ముక్కలు ఏరి, గోనె మీద వరసగా పేర్చి, వాటి ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం కూతురు అన్నం తెచ్చింది. తినలేదు.

ఇరవై ఏడు రోజులు ఉన్నాయి. ఊళ్ళో కొమ్ము లేదు.

అద్దం మాటల్లో హైమకి చెప్పాను.

ఆమె: ఇక్కడ ఇంకా చెప్పలేదు. ఇంకో మాట తీసుకునిరా, రెండూ కలిపి చెప్తాను.

ఫిబ్రవరి 22

పొద్దున్నే మెహరున్నీసా గారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి కిటికీ దగ్గర పాత పట్టీలు నాలుగూ పెట్టుకుని, భూతద్దంతో చూస్తున్నారు. ఆచారి పక్కనే నిలబడి ఉన్నాడు.

"పొట్టి జత విరగలేదు," అన్నారు. "చివర చూడండి. విరిగితే గరుకుగా ఉండాలి. ఇది నున్నగా రుద్దిన అంచు. తాడు కూర్చునే గాటు కూడా ఉంది. తాడు ఏళ్ళ తరబడి కూర్చుని మెరుగు పెట్టింది."

"అంటే కావాలనే పొట్టిగా చేశారా?" అన్నాను.

"కావాలనే. పై చేయి పొడుగు, దానికి పొడుగు చెవి. కింది చేయి పొట్టి, దానికి పొట్టి చెవి. మనం కింది చేతికి కూడా పొడుగు చెవి తగిలించాం. ఎక్కడ మందం పెంచకూడదో అక్కడే తూకం కోసం పెంచాం. లాగినప్పుడు బరువంతా వచ్చి పొట్టి చేతి మీద పడింది."

ఆచారి పొట్టి పట్టీ మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"వేలాడదీస్తే వాలుద్ది కదండి ఇది," అన్నాడు.

"వాలుతుంది."

"వాలేదే సరైనదా?"

"దీన్ని ఎవరూ వేలాడదీయలేదు ఆచారి గారూ. లాగారు."

అతను పట్టీ అంచుని బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత, "మరి ఇన్నాళ్ళూ ఈ అంచు మీరు చూడలేదా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు.

"చూశాను. విరిగిందనుకుని చూశాను."

కొమ్ము సంగతి సాయంత్రం తేలింది. దూలయ్య కట్టు కట్టిన చేత్తోనే కొండ దిగి వచ్చాడు. గుడ్డలో చుట్టిన మూట ఆచారి ముందు పెట్టాడు. అడవిదున్న కొమ్ములు. వాళ్ళ గూడెంలో పెళ్ళిళ్ళకి తల మీద పెట్టుకుని ఆడే కొమ్ముల టోపీ. తాతల నాటిది. ఏటా నూనె పట్టించడం వల్ల ఎక్కడా పురుగు పట్టలేదు. ఆచారి గోరుతో కొట్టి విన్నాడు.

"గూడెంలో అడిగావా?" అన్నాను.

"అడిగాను సారూ. ముసలోళ్ళు మూడు పూటలు మాటాడలేదు. మా మేనమామ అన్నాడు, ఈసారి పెళ్ళిళ్ళకి బోడితలల్తో ఆడతాం, పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ అని."

ఆచారి రంపం తీసేముందు కొమ్ములకి చేతులు జోడించాడు. దూలయ్య అటు తిరిగి నిలబడ్డాడు.

ఫిబ్రవరి 26

హైమకి రెండు మాటలూ చెప్పాను. విరిగింది, మళ్ళీ మొదలైంది.

ఆమె: కొమ్ములు ఎవరివో ఇక్కడ అందరికీ చెప్పాను. కోయ పిల్లలు ముగ్గురు ఉన్నారు మాతో. వాళ్ళు పొద్దుటి నుంచి నెత్తిన జొన్న కంకులు పెట్టుకుని ఆడుతున్నారు.

మార్చి 4

నరం రెండో పొర వేశారు. తెల్లవారితే లోయ నిండా మంచు ఉంటుంది. జిగురుకి అది మంచిది కాదు. మార్తమ్మ బారన్ తలుపు సందులకి పేడ మెత్తింది. సెగ పెంచమని పంచాయతీ పెద్ద ఒకాయన వచ్చి చెప్పాడు.

"పెంచితే ఏమవుద్దో తెలుసా అండి?" అంది. "జిగురు కరిగి మీ కాళ్ళ మీద కారుద్ది. చెయ్యి పెట్టి చూడండి. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురంత ఉండాలి. అంతే."

ఆయన చెయ్యి పెట్టి చూసి వెళ్ళిపోయాడు.

మార్చి 11

ఈ రోజంతా ఒకే వాదన. ఎప్పుడు వేయాలి?

ముందే వేస్తే పచ్చి విల్లు విరగొచ్చు. ఆలస్యం చేస్తే మనుషుల్ని దాటించే సమయం చాలదు. బాణంతో పట్టుదారం వెళ్తుంది. దారంతో సన్న తాడు, దాంతో పెద్ద తాడు, తర్వాత తొట్టి. ఇదంతా బిగించడానికి రెండు గంటల నలభై నిమిషాలు. తొట్టిలో ఒక్కసారికి ఇద్దరు. వెళ్ళి రావడానికి పావుగంట.

"పదిహేనున వేద్దాం," అన్నాను. పంచాయతీలో ప్రశ్న అడగడం కాక, నా అభిప్రాయం చెప్పడం ఇదే మొదటిసారి.

మార్తమ్మ నా వైపు చూసింది. "మీ చెల్లెలు అక్కడుందని నాకు తెలుసు విలేకరి గారూ. అప్పన్న, తలుపులు నా అక్క కొడుకులు. వాళ్ళనీ తొందరే తీసుకెళ్ళింది."

నేను కూర్చున్నాను. పంతొమ్మిది ఉదయం అని ఒప్పుకున్నారు.

మార్చి 16

రెండో విల్లు బారన్ బయటకి వచ్చింది. ఏదో నల్ల పురుగు కాళ్ళు ముడుచుకున్నట్టుంది. తాడు లేనప్పుడు అది వెనక్కి వంగి ఉంటుంది.

ఆచారి అలవాటు కొద్దీ దారం తీశాడు. పిడికి కట్టి ఎత్తాడు. పై చేయి కిందికి వాలింది. అతని చెయ్యి ఒక్కసారి ఉలి వైపు వెళ్ళింది. మెహరున్నీసా గారు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఆచారి దారం విప్పి, ఉండ చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"నా తండ్రి ఉంటే దీన్ని పొయ్యిలో పెట్టేవాడు," అన్నాడు.

"మీ నాన్నగారు కాడి చేశారు," అన్నారు ఆవిడ. "ఇది కాడి కాదు."

"నాకు తెలుసండి. చెయ్యికే తెలియట్లేదు."

మార్చి 18

సగం దాకా లాగి ఒక బాణం వేశారు. దారం లేకుండా, పొలం మీద. నూట ముప్పై మీటర్లు వెళ్ళింది. వెదురు విల్లు పూర్తిగా లాగితే వెళ్ళిన దూరం అది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ విల్లు చుట్టూ మూగి కింది చేయినే చూశారు. మెలి లేదు.

పిడి దగ్గర నరం అంచు గోరంత లేచింది. మార్తమ్మ చేత్తో తడిమి, జిగురు లోపల ఇంకా మెత్తగానే ఉందని చెప్పింది. పట్టుదారంతో గట్టిగా చుట్టింది. విల్లు మళ్ళీ సెగ దగ్గరికి వెళ్ళింది.

పూర్తిగా లాగి చూద్దామా అని పంచాయతీ పెద్ద అడిగాడు.

"లాగితే తెలుస్తుందయ్యా," అన్నాడు దూలయ్య. "తెలిశాక విల్లు ఉండకపోవచ్చు."

మార్చి 19, మధ్యాహ్నం

ఉదయం వేయలేదు. తెల్లవారుజాము నుంచి పాయకి అడ్డంగా గాలి. దూలయ్య స్తంభం ఎక్కి, గుప్పెడు పొట్టు వదిలి చూశాడు. పొట్టు అంతా దిగువకి కొట్టుకుపోయింది. తొమ్మిదింటి దాకా కూర్చుని, విల్లు పొడి గొంగళిలో చుట్టి, దిగి వచ్చాడు. జనంలో ఒకరిద్దరు అతన్ని తిట్టారు. అతను వాళ్ళని దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. నాతో మాత్రం అన్నాడు.

"ఉన్నది ఒక విల్లు సారూ. గాలికి ఇవ్వలేను."

మార్చి 19, సాయంత్రం

గాలి రోజంతా తగ్గలేదు, చీకట్లో వేయలేం. లెక్క ఇది. రేపు తొలి వెలుగుకి, 5:50కి, మొదటి బాణం. అది చేరితే 8:30కి తొట్టి సిద్ధం. ముప్పై ఆరుగురు, పద్దెనిమిది ప్రయాణాలు, పావుగంట చొప్పున. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఖరి ఇద్దరు ఈ ఒడ్డున ఉంటారు. నీళ్ళకి గంట ముందు.

బాణం తప్పితే దారం వెనక్కి లాగి, ఆరబెట్టి, మళ్ళీ కుండలో చుట్టలుగా వేయడానికి ముప్పావుగంట. ఒక బాణం తప్పినా అందరూ వస్తారు. రెండు తప్పితే ఆఖరి రెండు ప్రయాణాల వాళ్ళు, నలుగురు, ఉండిపోతారు. మూడో బాణం దాకా విల్లు ఉంటుందని ఆచారి గానీ, మార్తమ్మ గానీ చెప్పలేదు.

ఈ లెక్క గోడ పత్రికలో ఉన్నదున్నట్టు పెట్టాను. పెద్దలు వద్దన్నారు. నది మీద తాడు లాగాల్సింది ఈ జనమే, ఎంత వేగంగా లాగాలో వాళ్ళకి తెలియాలి అన్నాను. మెహరున్నీసా గారు నా పక్షాన మాట్లాడారు.

పొద్దు వాలేముందు హైమ అద్దం అందుకుంది. ఇవి ఆఖరి మాటలు. రేపు ఆ వేళకి ఎండ ఉండదు.

ఆమె: వరస అయింది. ముందు పిల్లలు, తల్లులు. ఆఖరి తొట్టిలో నేనూ, సూరయ్య కొడుకూ.

నేను: ఎవరు నిర్ణయించారు?

ఆమె: నేనే. వాదించకు, ఎండ పోతోంది.

వాదించడానికి అద్దం ఎత్తాను. ఎత్తి, ఇంకోటి పంపాను: విల్లు వేలాడదీస్తే వాలుతోంది.

ఆమె: మంచిదా?

నేను: మంచిదే.

ఆమె: అయితే దారం పట్టుకోవడానికి నేను స్తంభం మీద ఉంటాను. అక్కడ గాలి ఆగగానే తెల్లగుడ్డ ఊపుతాను. నువ్వు చూస్తూ ఉండు, వేరేవాళ్ళకి వదలకు.

తర్వాత మెరుపు లేదు. కొండ నీడ లంక మీదకి వచ్చేసింది.

రేపటి పనులు ఇలా పంచుకున్నారు. నాలుగున్నరకి మార్తమ్మ విల్లు బారన్ నుంచి బయటకి తెస్తుంది, దారి పొడుగునా గొంగళి కిందే ఉంచుతుంది. అయిదింటికి ఆచారి తాడు ఎక్కిస్తాడు. దారం కుండ మెహరున్నీసా గారు పట్టుకుంటారు. ఒడ్డున తాడు లాగడానికి అరవై మంది పేర్లు ఇచ్చారు. దూలయ్య కట్టు విప్పేసి, అయిదున్నరకి స్తంభం ఎక్కుతాడు. నేను స్తంభం కింద నిలబడి లంక వైపు చూస్తాను. తెల్లగుడ్డ కదలగానే ఒక్క మాట అంటాను. ఆ మాట విన్నాక దూలయ్య లాగుతాడు, పూర్తిగా.